లెక్కలోకి రాని ఆడపిల్లలు

1896 నవంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక చిన్న వ్యాసం వచ్చింది. రాసింది ప్రింగిల్ మోర్గన్ అనే డాక్టరు. ఇంగ్లండులో సీఫర్డ్ అనే సముద్రతీరపు ఊళ్ళో వైద్యం చేసుకునే ఆయన, పెర్సీ అనే పధ్నాలుగేళ్ళ కుర్రవాడి గురించి అందులో చెప్పాడు. పిల్లవాడు తెలివైనవాడు, ఆటల్లో చురుకు, తోటివాళ్ళకి ఎందులోనూ తీసిపోడు. కానీ ఏళ్ళ తరబడి చదువు చెప్పిస్తున్నా చిన్న చిన్న మాటలు కూడా చదవలేడు. లెక్కలంటే మాత్రం ఇష్టం. 749ని 867తో గుణించమంటే తడుముకోకుండా గుణించేశాడు. చదువంతా నోటిమాటగానే చెబితే బడి మొత్తానికి వీడే తెలివైనవాడు అవుతాడని మాస్టారు అన్నాడని కూడా డాక్టరు రాసిపెట్టాడు. ఆ స్థితికి అప్పట్లో పదాంధత్వం అని పేరు. ఇవాళ మనం డిస్లెక్సియా అంటున్నదాని చరిత్రని చాలామంది ఈ కుర్రవాడి దగ్గర్నుంచే మొదలుపెడతారు.

ఇప్పుడు ఈ కథని తిరగేసి చూడండి. ఒక అమ్మాయి ఉంది. గలగలా చదువుతుంది, విన్న పాటని వెంటనే పట్టేస్తుంది, ఇంటికొచ్చిన చుట్టాలతో పెద్దదానిలా మాట్లాడుతుంది. పన్నెండేళ్ళొచ్చినా ఏడుకి ఐదు కలపాలంటే వేళ్ళు మడవాల్సిందే. ఈ అమ్మాయి గురించి ఏ డాక్టరూ ఏ పత్రికకీ రాయలేదు. రాయటానికి ముందు ఎవరికో ఒకరికి ఆశ్చర్యం కలగాలి కదా. తెలివైన కుర్రవాడు చదవలేకపోవటం వింత, దానికి కారణం వెతకాలి. ఆడపిల్లకి లెక్కలు రాకపోవటంలో వింత ఏముంది? ఆడపిల్ల కావటమే కారణం. జబ్బు పేరూ అదే, నిదానమూ అదే.

లెక్కలకి సంబంధించిన ఈ ఇబ్బందిని పిల్లల్లో పద్ధతిగా నిర్వచించి, ఎంతమందికి ఉందో చూసిన పరిశోధన విస్తృతంగా అందరికీ తెలిసింది 1974లో. అంటే పెర్సీ తర్వాత 78 ఏళ్ళకి. ఈ ఆలస్యానికంతటికీ పితృస్వామ్యమే కారణం అనను. లెక్కలు రావటమే తెలివి అనే నమ్మకం అన్ని దేశాల్లోనూ ఉంది. ఆ నమ్మకం ఉన్నచోట లెక్కలు రానివాళ్ళని, మగపిల్లలైనా సరే, మందబుద్ధుల కింద తోసేశారు. కానీ ఆడపిల్లల విషయంలో ఇంకో తెర కూడా అడ్డం పడింది. ఈ వ్యాసంలో నేను చూడాలనుకుంటున్నది ఆ తెరని. దాన్ని కట్టటంలో మన వంతు, అంటే స్త్రీవాదుల వంతు కూడా కొంచెం ఉంది.

ఇంతకీ డిస్కాల్క్యులియా అంటే ఏమిటి? తెలుగులో దీనికి జనం వాడే పేరు లేదు. తిట్లున్నాయి, మట్టిబుర్ర, మొద్దు అని. అందుకే ఆ పరాయి మాటనే వాడుతున్నాను. ఇబ్బందిని సూచించే గ్రీకు ముక్కకి, చిన్న గులకరాయి అనే అర్థమున్న లాటిన్ మాటని తగిలించి చేసిన పదం అది. రాళ్ళతో లెక్కపెట్టిన కాలం నాటి జ్ఞాపకం. అచ్చనగాయలు ఆడినవాళ్ళకి ఆ గులకరాయి కొత్తది కాదు. ఒకటి పైకెగరేసి, అది కిందపడేలోగా నేలమీద మూడు రాళ్ళని ఒక్క ఊపులో తీసుకోవాలంటే, మూడు అనేది లెక్కపెట్టకుండానే కంటికి తెలియాలి. మనలో చాలామందికి మూడు నాలుగు దాకా అలా చూడగానే తెలుస్తుంది. డిస్కాల్క్యులియా ఉన్న పిల్లల్లో చాలామందికి చిక్కు మొదలయ్యేది అక్కడే. ఎనిమిది ఎక్కువో ఆరు ఎక్కువో చెప్పటానికి కూడా ఒక క్షణం ఆగాలి. రాత్రి అప్పజెప్పిన ఏడో ఎక్కం పొద్దున్నకి ఉండదు. పెద్ద ముల్లూ చిన్న ముల్లూ ఉన్న గడియారం, దుకాణంలో తిరిగొచ్చే చిల్లర, ఫోన్ నంబరు, తారీఖు, అన్నీ జారిపోతుంటాయి.

చుక్కల ముగ్గు తీసుకోండి. పదిహేను చుక్కల వరస పెట్టి, పైకీ కిందికీ ఒక్కొక్కటీ తగ్గించుకుంటూ ఒకటి దాకా రావటం ఎనిమిదేళ్ళ చెల్లెలికి ఆటలా వచ్చేస్తుంది. అక్కకి మూడో వరసలోనే తేడా వస్తుంది. "ముగ్గు కూడా వెయ్యటం రాదు, రేపు ఎవరు చేసుకుంటారు" అన్న మాట ఆ వాకిట్లోనే పడుతుంది. విచిత్రం ఏమిటంటే, లండన్‌లో బ్రయన్ బటర్‌వర్త్ 2003లో తయారుచేసిన పరీక్షలో కూడా ఉన్నవి చుక్కలే. తెరమీద కొన్ని చుక్కలూ, పక్కన ఒక అంకే చూపిస్తారు. రెండూ సరిపోయాయా లేదా చెప్పాలి. జవాబు తప్పా ఒప్పా అన్నదాంతో పాటు ఎంతసేపు పట్టిందన్నది కూడా చూస్తారు.

తెలివి తక్కువ కావటం ఇది కాదు. బద్ధకం కాదు. లెక్కలు రానివాళ్ళందరికీ ఇది ఉన్నట్టూ కాదు. ఇవాళ పరిశోధకులు సాధారణంగా చెప్పే అంచనా నూటికి మూడు నుంచి ఏడుగురు. నలభైమంది క్లాసులో ఇద్దరో ముగ్గురో అనుకోండి.

దీని వైద్యచరిత్ర పెద్దవాళ్ళతో మొదలైంది. మెదడుకి దెబ్బ తగిలాక లెక్కలు చెయ్యటం మాత్రమే పోయినవాళ్ళని గమనించి, 1920 ప్రాంతంలో స్వీడన్ వైద్యుడు సాలమన్ హెన్షెన్ ఆ స్థితికి అకాల్క్యులియా అని పేరు పెట్టాడు. 1924లో వియన్నాలో జోసెఫ్ గెర్స్ట్‌మన్ యాభై దాటిన ఒక స్త్రీని పరీక్షించాడు. ఆమె తన చేతివేళ్ళలో ఏది ఏదో చెప్పలేదు. ఉంగరం వేలు చూపించమంటే చూపించలేదు, ఎదుటివాళ్ళ చేతిలో కూడా గుర్తుపట్టలేదు. అలాంటివాళ్ళని మరికొందరిని చూశాక, వేళ్ళు తెలియకపోవటం, కుడి ఎడమలు తికమకపడటం, రాయలేకపోవటం, లెక్క చెయ్యలేకపోవటం, ఈ నాలుగూ తరచు కలిసే ఉంటున్నాయని 1930 నాటికి ఆయన తేల్చాడు. ఆ గుంపుకి ఇప్పటికీ ఆయన పేరే. యూదుడు కాబట్టి, 1938లో నాజీలు ఆస్ట్రియాని కలుపుకున్నప్పుడు వియన్నా వదిలి అమెరికా వెళ్ళిపోవాల్సి వచ్చింది. ఆ స్త్రీ ఎవరో, ఏం పని చేసేదో, తన వేళ్ళు తనవి కాకుండా పోయినప్పుడు ఆమె ఏమనుకుందో రాసినవాళ్ళు లేరు. రోగి పేరు దాచటం వైద్యధర్మమే. అయినా వైద్యుడి పేరుతో మిగిలిన చరిత్రలో రోగి ఒక వయసుగా మాత్రమే మిగలటం మనకి కొత్త కాదు.

వేళ్ళకీ లెక్కకీ ఉన్న ఈ చుట్టరికం మన పెద్దవాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు. మా అమ్మమ్మ బొటనవేలుని వేలి కణుపుల మీద జరుపుకుంటూ పాలవాడి నాగాలూ, కోడలి నెలలూ లెక్కపెట్టేది. ఒక్క అక్షరం రాయదు, తప్పు మాత్రం పోదు.

ఇంట్లో ఆడవాళ్ళు ఇన్ని లెక్కలు చేస్తున్నా, బడిలో ఆడపిల్లకి లెక్కలెందుకన్న ప్రశ్న వందేళ్ళపాటు నడిచింది. భాస్కరాచార్యుడు 1150లో రాసిన గణితానికి లీలావతి అని ఆడపేరు, అందులో చాలా లెక్కలు ఒక బాలికని పిలిచి అడిగినట్టే ఉంటాయి. ఆమె ఆయన కూతురనీ, ముహూర్తం తప్పి పెళ్ళి ఆగిపోతే ఓదార్పుగా ఈ పుస్తకం రాశాడనీ చెప్పే కథ మనకి దొరికేది 1587 నాటి ఫైజీ పారశీక అనువాదంలో. కథల్లో కూడా ఆడపిల్లకి గణితం పెళ్ళికి బదులుగా దొరికిన పరిహారమే! 1882లో హంటర్ కమిషన్ ముందు పండిత రమాబాయి సాక్ష్యం చెప్పి, ఆడపిల్లలకి స్త్రీ ఉపాధ్యాయులు కావాలనీ, స్త్రీ వైద్యులు కావాలనీ అడిగింది. అదే కమిషన్ ఆడపిల్లల బడులకి మగపిల్లల కన్నా తేలికపాటి పాఠాలుండాలని సిఫారసు చేసింది.

మన ఇళ్ళల్లో దాని అనువాదం, "చాకలిపద్దు రాసుకునేంత చదువు చాలు" అన్న మాట. ఈ మాటలో ఇద్దరు స్త్రీలకి అవమానం ఉంది. ఒకామె పద్దు దాటి చదవకూడదు. రెండో ఆమె, పదిళ్ళ బట్టలు మూటకట్టి, ఎవరి పంచె ఎవరిదో, ఏ ఇంటివి ఎన్నో ఏ కాగితమూ లేకుండా తలలో పెట్టుకునే ఆమె, అసలు లెక్కల మనిషిగానే కనపడదు. ఆమె మోసం చేస్తుందేమోనన్న అనుమానంతోనే మొదటామెకి ఆ పాటి అంకెలైనా నేర్పారు.

స్వతంత్రం వచ్చాక కూడా ఈ వాదన ఆగలేదు. ఆడపిల్లలకి వేరే పాఠ్యాంశాలు ఉండాలా అని తేల్చటానికి 1962లో హంసా మెహతా అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. అక్కర్లేదు అని ఆ కమిటీ గట్టిగా చెప్పింది. 1964-66 నాటి కొఠారి కమిషన్ దాన్ని సమర్థించి, పదో తరగతి దాకా గణితం అందరికీ ఒకటే అంది. అంతకుముందు జనరల్ మ్యాథ్స్, కాంపోజిట్ మ్యాథ్స్ అని రెండు ఉండేవని మా పెద్దక్కలు చెప్తారు. జనరల్ మ్యాథ్స్ ఆడపిల్లలతో నిండిపోయేదట. హంసా మెహతా సాధించింది చిన్న విషయం కాదు, ఆ తలుపు తెరవకపోతే తర్వాతి తరాల్లో ఇంతమంది ఇంజనీరు అమ్మాయిలు ఉండేవాళ్ళు కాదు. అయితే దానికో మరో వైపు ఉంది. ఆ రెండో దారి మూసుకున్నాక, లెక్కలు నిజంగానే అందని పిల్లకి పదో తరగతి గోడ అయింది. మగపిల్లకాయలకీ అదే గోడ, నిజమే. గోడ దగ్గర ఆగినవాడు మెకానిక్ షెడ్డుకో, తాపీ పనికో పోతాడు. ఆమె పెళ్ళిపీటల మీదికి పోతుంది.

ఇక స్త్రీవాదం ఏం చేసిందో చూద్దాం. 1973లో లూసీ సెల్స్ బర్క్‌లీలో చేరే విద్యార్థుల్ని పరిశీలించింది. మగపిల్లల్లో నూటికి 57 మంది హైస్కూల్లో నాలుగేళ్ళ గణితం చదివి వస్తే, ఆడపిల్లల్లో 8 మందే చదివి వచ్చారు. అది లేనివాళ్ళకి సగం పైగా కోర్సుల తలుపులు మూసుకుపోతాయి. గణితం ఒక జల్లెడలా పనిచేస్తోందని ఆమె చూపించింది. 1976లో షీలా టోబియాస్ మిజ్ పత్రికలో గణిత భయం గురించి రాసిన వ్యాసం పెద్ద కదలిక తెచ్చింది. తెలివైన అమ్మాయి వేళ్ళ మీద లెక్కపెట్టుకోవటం ఏమిటి అని ఎత్తిపొడిచే లోకాన్ని ఆ వ్యాసం శీర్షికలోనే వెక్కిరించింది. 1978లో అది పుస్తకంగా విస్తరించింది. ఆడపిల్లలకి లెక్కలు రావన్నది అబద్ధం, రాకుండా చేస్తున్నారన్నది నిజం, భయం పెడుతున్నారు, ఆ భయం పోగొడితే వస్తాయి అన్నది ఆ ఉద్యమ సారాంశం. 1992లో అమెరికాలో అమ్మిన మాట్లాడే బార్బీ బొమ్మ లెక్కల క్లాసు కష్టమని పలికితే, మహిళా సంఘాలు గొడవ చేసి ఆ మాట తీయించాయి. మంచి పని చేశాయి.

అదే దశకంలో, 1974లో, చెకొస్లొవేకియా మనస్తత్వ శాస్త్రవేత్త లాడిస్లావ్ కోష్చ్ పరిశోధన ఇంగ్లీషులో వచ్చింది. బ్రాతిస్లావా బడుల్లో ఐదో తరగతి చదివే 375 మంది పిల్లల్ని పరీక్షించి, వాళ్ళలో దాదాపు 6 శాతానికి, మిగతా తెలివితేటలన్నీ సరిగానే ఉన్నా, గణన సామర్థ్యంలో మాత్రం పుట్టుకతో వచ్చిన ఇబ్బంది ఉందని ఆయన చెప్పాడు. టోబియాస్, కోష్చ్, ఇద్దరూ మాట్లాడింది వేళ్ళ మీద లెక్కపెట్టుకునే పిల్ల గురించే. ఒకరి మాట ఇంకొకరి చెవిన పడ్డట్టు కనపడదు.

ఎందుకు పడలేదో ఊహించటం కష్టం కాదు. మెదడు అనే మాట వింటేనే మనకి ఒళ్ళు మండటానికి కారణాలున్నాయి. 1980లో బెన్‌బో, స్టాన్లీ సైన్స్ పత్రికలో, గణితంలో మగపిల్లలు ముందుండటం పుట్టుకతోనే వచ్చిందేమోనన్న ధోరణిలో రాశారు. పత్రికలు దాన్ని పండగ చేసుకున్నాయి. 2005లో హార్వర్డ్ అధ్యక్షుడు లారెన్స్ సమ్మర్స్ పెద్ద స్థానాల్లో స్త్రీ శాస్త్రవేత్తలు తక్కువ ఉండటానికి సహజ సామర్థ్యం కూడా ఒక కారణం కావచ్చునని సభలోనే అన్నాడు. ఇలాంటివాళ్ళ మధ్య నిలబడి, "అవును, కొందరు అమ్మాయిల మెదడు అంకెల్ని వేరేగా పట్టుకుంటుంది" అని చెప్పటానికి ఎవరికి నోరొస్తుంది? అందుకని చెప్పలేదు. భయమే కారణం అన్నాం, బడి కారణం అన్నాం. చాలామంది అమ్మాయిల విషయంలో అది నిజం. కానీ భయం పోగొట్టినా అంకె అందని పిల్ల ఒకతి మిగిలిపోయింది. అందరి ప్రోత్సాహమూ పొంది, ధైర్యం తెచ్చుకుని, అప్పటికీ రాకపోతే ఆమెకి మిగిలేది ఇంకా పెద్ద సిగ్గు. పాతవాళ్ళు ఆడపిల్లవి కాబట్టి రాదన్నారు, కొత్తవాళ్ళు భయపడ్డావు కాబట్టి రాదన్నారు. రెండూ కానిదాన్ని ఆమె ఎవరికి చెప్పుకోవాలి?

ఈ ముడి విప్పే ఆధారం 1996లో జెరూసలేం నుంచి వచ్చింది. చేసినవాళ్ళు ముగ్గురూ స్త్రీలే, వర్దా గ్రోస్-ట్సుర్, ఓర్లీ మానోర్, రూత్ షాలెవ్. నాలుగో తరగతి పిల్లలు 3,029 మందితో మొదలుపెట్టి, దశలవారీగా వడకట్టి, డిస్కాల్క్యులియా ఉన్న 140 మందిని గుర్తించారు. వాళ్ళలో ఆడపిల్లలు 75, మగపిల్లలు 65. సుమారుగా సమానం. మొత్తం మీద వాళ్ళు వేసిన అంచనా 6.5 శాతం. బ్రిటన్‌లో ఎమీ డివైన్, ఉషా గోస్వామి తదితరులు వెయ్యిమందికి పైగా ప్రాథమిక పాఠశాల పిల్లల్ని చూసి 2013లో ప్రకటించిన ఫలితాల్లో కూడా ఆడా మగా తేడా కనపడలేదు.

ఈ సమానత్వం ఎంత విలువైనదో చూడండి. ఆడవాళ్ళ మెదడుకి గణితం పట్టదన్నది నిజమైతే ఈ ఇబ్బంది ఉన్నవాళ్ళలో ఎక్కువమంది ఆడపిల్లలే ఉండాలి. లేరు. అంటే డిస్కాల్క్యులియాని ఒప్పుకోవటం సమ్మర్స్ వాదనకి లొంగటం కాదు, దాన్ని కొట్టేయటానికి మన చేతికొచ్చిన సాక్ష్యం. కొందరు మనుషులకి ఈ ఇబ్బంది ఉంది, ఆ కొందరిలో ఆడవాళ్ళూ ఉన్నారు. ఒక్క మినహాయింపు చెప్పాలి. రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకటి పూర్తిగానో కొంతమేరకో లోపించినప్పుడు వచ్చే టర్నర్ సిండ్రోమ్ ఆడవాళ్ళలోనే ఉంటుంది, వాళ్ళలో చాలామందికి భాష బాగుండి లెక్కలు చిక్కు పెడతాయి. కానీ అది రెండువేలకి పైగా ఆడశిశువుల్లో ఒకరికి వచ్చే స్థితి, మొత్తం లెక్కని మార్చదు.

మరి సమానంగా ఉన్నప్పుడు ఆడపిల్లలు ఎందుకు కనపడరు? దీనికి జవాబు డిస్లెక్సియా పరిశోధనలోనే ఉంది. 1990లో సాలీ షేవిట్జ్ బృందం అమెరికాలోని కనెక్టికట్‌లో పరిశోధకులుగా తామే అందరినీ పరీక్షించి చూస్తే, చదవటంలో ఇబ్బంది ఉన్న ఆడా మగా సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా లేదు. బడులు గుర్తించి పంపినవాళ్ళలో మాత్రం మగపిల్లలే ఎక్కువ. చదువు రాని మగపిల్లవాడు బల్లలు ఎక్కుతాడు, పక్కవాడిని గిల్లుతాడు, టీచరుకి తలనొప్పి అవుతాడు, కాబట్టి ఎవరో ఒకరి దగ్గరికి పంపుతారు. ఆడపిల్ల వెనక బెంచీలో నోరు మెదపకుండా పక్కపిల్ల నోట్సు దించుకుంటుంది. దస్తూరి కూడా ముత్యాల్లా ఉంటుంది. ఆమెతో ఎవరికీ ఇబ్బంది లేదు.

నేను చాలా ఏళ్ళు ఒక మహిళా డిగ్రీ కాలేజీలో చరిత్ర పాఠం చెప్పాను. ఈ గ్రూపు ఎందుకు తీసుకున్నారని మొదటి రోజు అడిగితే సగం మంది నవ్వుతూ "లెక్కలుండవని మేడమ్" అనేవారు. ఒక అమ్మాయి నవ్వలేదు. 1857 తిరుగుబాటుకి కారణాలు ఆ అమ్మాయి చెప్పినంత బాగా మా డిపార్టుమెంటులో కూడా ఎవరూ చెప్పలేరేమో. కాగితం మీద మాత్రం 1875 అని రాస్తుంది, ఇంకోచోట 1587. పంతొమ్మిదో శతాబ్దం అంటే 18తో మొదలయ్యే సంవత్సరాలన్నది ఎన్నిసార్లు చెప్పినా నిలిచేది కాదు. బస్సు నంబరు చూడదు, అద్దం మీద ఊరిపేరు చదువుతుంది. పదో తరగతి లెక్కలు నాలుగోసారికి, ముప్పై అయిదు మార్కులతో గట్టెక్కిందట. "లెక్కలు లేవని వచ్చాను, ఇక్కడా అంకెలే ఉన్నాయి మేడమ్" అంది. తారీఖులన్నీ కాలవరసలో రంగు రంగుల గీతలుగా గోడకి అంటించుకుంటే ఆమెకి కొంత పట్టు దొరికింది. అలా నేర్పమని మాకు ఏ శిక్షణలోనూ చెప్పలేదు. డిగ్రీ మొదటి తరగతిలో పాసయి, పెళ్ళి చేసుకుని వెళ్ళాక ఒకసారి కనపడింది. జీతం కార్డు భర్త దగ్గరే ఉంటుందట. "నీకు లెక్కలు రావుగా అంటారు, నిజమే కదా మేడమ్" అంది.

నాకు ఆ "నిజమే కదా" దగ్గరే గుండె ఆగుతుంది. ఇంట్లో డబ్బు మీద అధికారం లాక్కోవటానికి ఏ మగవాడికైనా నూరు సాకులు దొరుకుతాయి. ఈమె విషయంలో సాకుకి ఆమె సంతకం కూడా ఉంది. వడ్డీ ఎంతో, పొదుపు సంఘంలో తన వాటా ఎంతో, సంతకం పెట్టమన్న కాగితంలో సున్నాలు ఎన్నో తేల్చుకోలేని స్త్రీ ఎవరినో ఒకరిని నమ్మక తప్పదు. డిస్కాల్క్యులియా అని తెలిస్తే ఆమె ఫోనులో లెక్కల యంత్రం వాడుకుంటుంది, రాసి చూపించమంటుంది, రెండుసార్లు అడుగుతుంది. తెలియకపోతే సిగ్గుపడి కార్డు ఇచ్చేస్తుంది.

లెక్కలు రాకపోవటానికీ బడి లెక్కలు రాకపోవటానికీ తేడా చూడాలన్న మాట కూడా ఇక్కడే చెప్పాలి. 1985లో బ్రెజిల్‌లోని రెసీఫెలో తెరెజీన్యా నునెస్, ఆనలూసియా ష్లీమన్ తదితరులు వీధిలో కొబ్బరికాయలు అమ్మే పిల్లల్ని గమనించారు. బేరంలో నూటికి 98 సరిగ్గా చెప్పిన పిల్లలే, అవే లెక్కలు కాగితం మీద ఇస్తే 37 మాత్రం చెయ్యగలిగారు. మన కూరగాయల గంపల దగ్గర కూర్చుంటే ఇదే కనపడుతుంది. ఆ పిల్లలకి లోపం లేదు, లోపం బడిది. డిస్కాల్క్యులియా ఉన్న పిల్లకి బజారులోనూ కష్టమే. ఈ తేడా తెలియకుండా దళిత, ఆదివాసీ పిల్లల మీద ఈ పేరు అతికిస్తే బడి చేసిన తప్పుకి పిల్ల మెదడుని దోషిని చేసినట్టవుతుంది. ఈ జాగ్రత్త అవసరం.

మెదడు వేరు, సమాజం వేరు అని గీత గీసుకోవటం కూడా అంత సులువు కాదు. 2001లో ఎలిజబెత్ ఐజక్స్ బృందం లండన్‌లో, నెలలు నిండకుండా చాలా తక్కువ బరువుతో పుట్టి పెరిగిన పిల్లల్ని పరీక్షించింది. వాళ్ళలో లెక్కలు రానివాళ్ళకి మెదడు ఎడమవైపు పార్శ్వభాగంలో ఒకచోట బూడిదరంగు పదార్థం తక్కువగా ఉంది. వంశపారంపర్యం ఒక కారణం, ఇది ఇంకొకటి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత. నెలలు నిండకుండా కాన్పు కావటానికీ, బిడ్డ బరువు తగ్గటానికీ రక్తహీనత దోహదం చేస్తుందని అందరికీ తెలుసు. తల్లి పళ్ళెంలో తక్కువైన అన్నం కొంతమంది పిల్లల అంకెల్లో తేలుతోందా అన్న ప్రశ్న మన ప్రజారోగ్య పరిశోధకురాళ్ళు అడగదగ్గది.

మన దేశంలో చట్టం చాలాకాలం ఈ పేరు పలకలేదు. 1995 వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉన్నాయి, అభ్యసన వైకల్యం వాటిలో లేదు. మహారాష్ట్ర ప్రభుత్వం 1996 నుంచి పరీక్షల్లో రాయితీలు ఇవ్వటం మొదలుపెట్టింది. 2007లో తారే జమీన్ పర్ సినిమా వచ్చాక డిస్లెక్సియా అన్న మాట మధ్యతరగతి ఇళ్ళల్లోకి వచ్చింది. నేనూ ఏడుస్తూనే చూశాను. పెర్సీ నుంచి ఇషాన్ దాకా కథలో ఉన్నది మగపిల్లవాడే, ఇబ్బంది అక్షరాలదే. 2016 చట్టంలో వైకల్యాలు 21 అయ్యాయి, అందులో డిస్కాల్క్యులియా పేరు పెట్టి మరీ చేర్చారు. కాగితం మీద ఇది పెద్ద గెలుపు.

అమలు దగ్గర మళ్ళీ ఆడపిల్ల ప్రశ్నే. 2018 జనవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ధ్రువపత్రం ఎనిమిదేళ్ళు నిండాక ఇస్తారు, పధ్నాలుగేళ్ళకి మళ్ళీ పరీక్ష, పద్దెనిమిదికి మళ్ళీ. కొడుకుని అలా మూడుసార్లు పెద్దాసుపత్రికి తిప్పే ఇంట్లో కూతుర్ని ఎన్నిసార్లు తిప్పుతారు? ఎనిమిదికి చిన్నపిల్ల, నేర్చుకుంటుందిలే అంటారు. పధ్నాలుగుకి పెద్దమనిషైంది, అలాంటి కాగితం ఊళ్ళో తెలిస్తే సంబంధాలు రావంటారు. పద్దెనిమిదికి ఆమె ఆ ఇంట్లోనే ఉండకపోవచ్చు. వైకల్యం అన్న ముద్ర కొడుక్కి పరీక్షలో అదనపు సమయం, కూతురికి కట్నంలో అదనపు సొమ్ము.

ఏం చెయ్యొచ్చన్నది కొంత తెలిసిన సంగతే. చింతపిక్కలు, పూసలు చేతిలో పెట్టి చిన్న అంకెల దగ్గరే ఎక్కువకాలం ఆగటం, గీత మీద అంకెల్ని దూరాలుగా చూపించటం, ఎక్కాలు నలుగురిలో నిలబెట్టి అప్పజెప్పించకపోవటం, పరీక్షలో సమయం పెంచటం, వేళ్ళు వాడితే కొట్టకపోవటం. ఇవి మొదలవ్వాల్సింది రెండో తరగతిలోనే. షాలెవ్, మానోర్, గ్రోస్-ట్సుర్ తాము గుర్తించిన పిల్లల్నే ఆరేళ్ళ తర్వాత మళ్ళీ పరీక్షించి 2005లో ఫలితాలు ప్రకటించారు. పదకొండో తరగతికి వచ్చేసరికి వాళ్ళలో నూటికి 40 మందికి పూర్తిస్థాయి ఇబ్బంది అలాగే ఉంది, 95 మంది తమ ఈడు పిల్లల్లో అడుగు పావుభాగంలోనే ఉన్నారు.

ఇప్పుడు కొన్ని దేశాల్లో మార్చి 3ని డిస్కాల్క్యులియా గురించి చెప్పుకునే రోజుగా జరుపుతున్నారు. మార్చి 8కి ఐదురోజుల ముందు. మన సభల్లో పొదుపు సంఘాల లెక్కల పుస్తకాల మీదా, అమ్మాయిల సైన్సు చదువుల మీదా ఉపన్యాసాలు ఉండనే ఉంటాయి. ఆ వరసల్లో వెనక కూర్చుని, భోజనాల టోకెన్ మీది అంకె రెండోసారి పక్కావిడని అడిగి తెలుసుకుంటున్నామె ఒకతి ఉంటుంది. అడిగితే కళ్ళజోడు తేలేదని చెబుతుంది.